జానెడు తగ్గిన వంపు

పక్కింటివాళ్లు గోడలకు సున్నం వేయిస్తున్నారు. నిన్న మధ్యాహ్నం ఇంకా ఆరని ఆ గోడల మీద నాలుగు చినుకులు పడేసరికి ముక్కులో మంటపెట్టే వాసన ఒకటి లేచింది. చేటలో బియ్యం చెరుగుతున్నదాన్ని చెయ్యి ఆపేశాను. సున్నం తడిస్తే నాకు నేను పనిచేసే కాలేజీ గ్రౌండు గుర్తొస్తుంది, దాని మధ్య మోకాళ్ల మీద కూర్చున్న త్రినాథ మాస్టారు గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆయన గురించి చెప్పాలని ఎన్నాళ్లుగానో ఉంది కానీ నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. తప్పులుంటే నావే, దానివి కావు.

మాది పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానంలో. ఒక పక్క జీడితోటలు, ఒక పక్క కొబ్బరి. మా ఆయన కొబ్బరికాయలు దింపే పని చేసేవాడు. కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఈ మాట అంటే ఇంకేమీ అడగరు, అడిగినవాళ్ల ఇంట్లోనూ ఒకరు ఉంటారు. ఆ తరవాత నేను డిగ్రీ కాలేజీలో రోజుకూలీకి ఊడ్చే పనిలో చేరాను. త్రినాథ మాస్టారు అక్కడ పీడీ, అంటే పిల్లల చేత ఆటలాడించే మాస్టారు. ఇచ్ఛాపురం మనిషి. మామూలుగా మెత్తగానే మాట్లాడేవారు గానీ కోపమొస్తే ఒడియాలోకి దిగిపోయేవారు. ఏమంటున్నారో తెలియక పిల్లలు మరింత బెదిరేవారు.

ఆయన కంట నేను పడింది ముగ్గు వల్ల. కాలేజీలో ఏదో సభ ఉందని గేటు దగ్గర ముగ్గు వెయ్యమన్నారు, వేశాను. మాస్టారు సైకిలు దిగి దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఒక చివర బోర్లా పడుకున్నారు. చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి గీతను చూశారు. ఏదో తప్పు చేశాననుకుని చీపురు పట్టుకుని నిలబడిపోయాను. ఆయన లేచి, చొక్కాకంటిన ఎర్రమట్టి దులుపుకోకుండానే అడిగారు. "ఇది తాడు పట్టి వేసినావా, సేత్తోనే వేసినావా?" చేత్తోనే అన్నాను. రేపట్నుంచి గ్రౌండుకి రమ్మన్నారు.

అలా సున్నప్పొడి పట్టాను. పరుగుపందెం దారి ఎలా గీస్తారో చూడనివాళ్లకి చెబుతాను. గ్రౌండులో దూరదూరంగా రెండు మేకులు పాతుతారు. మేకుకి ఇనుప తీగ కట్టి, దాని చివర పట్టుకుని సున్నం వదులుతూ అర్ధచక్రంలా తిరగాలి. ఈ చివర ఒక వంపు, ఆ చివర ఒక వంపు. రెండింటినీ రెండు నిలువు గీతలతో కలిపితే ఒక చుట్టు. ఆ లోపలి చుట్టు నాలుగు వందల మీటర్లు రావాలి. అది కుదిరితే మిగతా గీతలన్నీ దాని పక్కన కుదురుకుంటాయి. అది తప్పితే అన్నీ తప్పే. గీతల మధ్య దారులకి ఇంగ్లీషులో ఏదో పేరుంది. నేను మాత్రం పొలంలో నాగలి చాళ్లలా ఉన్నాయని చాళ్లు అనేదాన్ని. కొన్నాళ్లకి మాస్టారు కూడా పిల్లలకి మూడో చాలు, నాలుగో చాలు అని చెప్పడం మొదలుపెట్టారు. పై ఊరు పోటీకి వెళ్లిన మా పిల్ల ఒకతె అక్కడ "నాది ఏ సాలు?" అని అడిగితే అందరూ నవ్వారట. ఆ సంగతి మాస్టారు నాకు ఎంతో సంబరంగా చెప్పారు. అటెండరు సింహాచలానికి ఇదంతా వేళాకోళం. నేను గీస్తుంటే గట్టు మీద నిలబడి, "ఏటొదినా, పేరంటానికి ఎవుల్ని పిలిసినావు?" అనేవాడు. "మీ అత్తోరినే" అనేదాన్ని.

ఏటా మా వైపు కాలేజీలన్నిటికీ కలిపి పరుగులు, దూకుళ్లు, గుండు విసిరే పోటీలు జరుగుతాయి. ఎక్కడ జరపాలో పెద్దలు వచ్చి గ్రౌండ్లు చూసి తేలుస్తారు. మా దగ్గరికి ఒక్కసారీ రాలేదు. మాస్టారు మాత్రం ప్రతి ఏడూ అర్జీ పెట్టేవారు. ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. గట్టు మీద కూర్చుని బూటులో ఇసుక దులుపుకుంటూ చెప్పారు. "మన ఆడపిల్లల్ని మూడు రాత్రులు పై ఊరు పంపమంటే ఏ తండ్రి పంపుతాడు ఢిల్లెమ్మా? ఇక్కడే పెడితే, తల్లులు జీడిపిక్కల పని మానుకుని ఒచ్చి సూత్తారు. ఇంకోటి. ఉద్దానమంటే పై వాళ్లకి జబ్బొకటే తెలుసు. ఒక్కసారి ఆళ్ల పిల్లలొచ్చి, ఇక్కడ పరిగెట్టి, నవ్వుకుంటూ ఎల్లిపోవాలి. అది సూడాల నాను." ఆ రెండో మాట నాకు గుండెల్లో దిగింది. మా నీళ్లు తాగితే జబ్బొస్తుందన్న భయంతో, మా ఆయన దినానికి వచ్చిన చుట్టాలు కూడా నీళ్ల సీసాలు సంచుల్లో పెట్టుకు వచ్చారు. మా బిందె వైపు ఎవరూ చూడలేదు. అప్పట్నుంచి ఆ పోటీలు ఆయనకెంత కావాలో నాకూ అంత కావాలి.

ఇక చెప్పబోయేది ఉద్యోగంలో ఆయన చివరి ఏడాది సంగతి. ఆ ఏడే, ఎప్పుడూ లేనిది, రెండు చోట్లే మిగిలాయి. టెక్కలిలో ఒక కాలేజీ, మాది. ఒక శనివారం పొద్దున్నే టెక్కలి గ్రౌండు చూసుకుని పదింటికి మా దగ్గరికి వస్తామని కబురొచ్చింది. వారం రోజులు మాస్టారికి కుదురు లేదు. టీ తెచ్చిస్తే చల్లారిపోయేది. మరుగుదొడ్ల తలుపులు ఆయనే వేసి తీసి చూసేవారు. పైపు నీళ్లు వస్తున్నాయా లేదా అని రోజుకి మూడుసార్లు కుళాయి తిప్పేవారు. ఆయన్ని చూసి నాకూ నిద్రలో చెయ్యి సున్నం వదులుతున్నట్టు కదిలేది.

శుక్రవారం మధ్యాహ్నం ఇనుప తీగ తెగిపోయింది. తుప్పు పట్టి ఉంది, లాగగానే రెండు ముక్కలైంది. కాలేజీలో ఉన్న టేపు ఆ పొడుగుకి అందదు. మాస్టారేమో ప్రిన్సిపాల్ గదిలో కాగితాల పనిలో ఉన్నారు. ఆయన్ని కంగారు పెట్టడమెందుకని, మా ఇంటి నుంచి కొత్త పీచుతాడు తెచ్చాను. తెగిన తీగ ముక్కలు నేల మీద కలిపి పరిచి, వాటి పక్కన తాడు సాగదీసి, సరిగ్గా అంతే పొడుగు కోశాను. జీడితోట వైపు వంపు ఎండలో గీశాను. చక్కగా వచ్చింది. అంతలో వాన పడింది. పెద్దదేం కాదు, అరగంట. తాడు గ్రౌండులోనే ఉండిపోయింది. వాన వెలిశాక దాంతోనే సముద్రం వైపు వంపు గీశాను. గీసి చివరికొచ్చేసరికి, వంపు కొస ముందే గీసి ఉంచిన నిలువు గీతకి కలవలేదు. జానెడు లోపలికి ఉంది. అవతలి కొస దగ్గరా అంతే.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవాలి. పీచుతాడు తడిస్తే బిగుసుకుని పొట్టిదవుతుందని మా ఉద్దానంలో పాకకి తడిక కట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకు మరీ తెలుసు, మా ఆయన బతుకంతా ఆ తాళ్లతోనే గడిచింది. కానీ ఆ సాయంత్రం నాకు అది తట్టలేదో, తట్టనివ్వలేదో చెప్పలేను. చీకటి పడుతోంది, సున్నం బస్తా అడుగంటింది. ముగ్గులో రెండు గీతలు కలవకపోతే ఏం చేస్తాం, కొంచెం వంచి కలిపేస్తాం. నేనూ అలాగే కలిపేశాను. దూరం నుంచి చూస్తే ఎంత అందంగా ఉందంటే, సింహాచలం కూడా వెక్కిరించలేదు.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్లాను. వరండాలో ఆరేసిన తాడు పట్టుకుంటే వదులుగా, తేలిగ్గా ఉంది. మేకుకి కట్టి సముద్రం వైపు లాగాను. గీతను దాటి జానెడు బయటికి వచ్చింది. వంపు పొడవునా అంతే. వచ్చేవాళ్లు కొలుస్తారని ఎవరూ అనలేదు. గ్రౌండు చుట్టూ నడిచి, గదులు చూసి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోతారని సింహాచలం అన్నాడు. నేను నోరు మూసుకుంటే గడిచిపోతుందేమో. ఆ మాట మనసులో అటూ ఇటూ తిరుగుతుండగానే మాస్టారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. ఆ బూట్లు చూసేసరికి నాకు ఏడుపొచ్చింది. తాడు చూపించి అంతా చెప్పేశాను.

తిడతారనుకున్నాను, ఒడియాలోనైనా సరే. తిట్టలేదు. వంపు దగ్గరికి వెళ్లి, ఆ ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకుని ఒక కన్ను మూసి చూశారు. చాలాసేపు లేవలేదు. లేచాక, మళ్లీ గీసెయ్యనా అని అడిగాను. సున్నం లేదు కదా అన్నారు. బజారుకి ఎవరినైనా పంపుదామనేలోపే గేటు దగ్గర కారు హారను వినిపించింది. పదింటికి అన్నవాళ్లు, టెక్కలి తరవాత చూద్దామనుకుని ఎనిమిదింటికే మా దగ్గరికి వచ్చేశారు. మాస్టారు చొక్కాకంటిన మట్టి దులుపుకున్నారు. "తాడు నీది. తడిసింది ఎప్పుడో, కలిపింది ఎలాగో నీకే తెలుసు. నువ్వే సెప్పు" అన్నారు. నావల్ల కాదన్నాను. "అవుద్ది. నాను పక్కనే ఉంటాను."

ముగ్గురొచ్చారు. అందులో పెద్దాయన కళ్లద్దాలు మెడలో వేలాడదీసుకుని ఉన్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు బాగా పరిగెత్తేవారట. గీతలు చూసి, ఎవరు గీశారో గానీ చెయ్యి తిరిగిన పని అని మెచ్చుకున్నారు. మాస్టారు నా వైపు చూశారు. కొంగు నడుముకి దోపుకుని, నేల చూస్తూ చెప్పాను. "ఈ వంపు తక్కువుందండి బాబూ. నిన్న తాడు తడిసిపోనాది. తడిసిన పీసుతాడు పొట్టయిపోద్ది. కలవకపోతే నానే వొంచి కలిపేసినాను. మేస్టారికి తెల్దు."

"మేం కొలుస్తామని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు పెద్దాయన.

"ఎవులూ సెప్పలేదండి."

ఆయన కారులోంచి పెద్ద స్టీలు టేపు తెప్పించారు. ముగ్గురూ వంపంతా కొలిచారు. నేను మేకు దగ్గర టేపు పట్టుకున్నాను. పెద్దాయన ఏదో రాసుకున్నారు గానీ ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. తరవాత గదులు చూశారు. మిగతా ఇద్దరిలో ఒకాయన, ఇంతమంది పిల్లలకి నీళ్ల సంగతేమిటని అడిగారు. ఆ ప్రశ్న వస్తుందని మాస్టారికి తెలుసు. కుళాయి తిప్పి గ్లాసు నింపి ముందు తాను తాగారు. ఇంకో గ్లాసు నింపి పట్టుకుని ఊరికే నిలబడ్డారు. అడిగినాయన చేతిలో సీసా ఉంది, కదల్లేదు. పెద్దాయన చెయ్యి చాపి ఆ గ్లాసు తీసుకుని పూర్తిగా తాగారు. ఆ ఒక్క గ్లాసు చూసి నాకు కొండంత ఆశ పుట్టింది.

ఉత్తరం రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పోస్టుమాన్ వచ్చే వేళకి నేను గేటు దగ్గరే ఊడ్చేదాన్ని. వచ్చిన రోజు మాస్టారు ఆటల గదిలోకి పిలిచారు. ఉత్తరం బల్ల మీద ఉంది. అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి చదువుతున్నట్టుగా చెప్పారు. గ్రౌండు చాలా బాగుందన్నారట, కానీ అంతమంది పిల్లలు పడుకోడానికి గదులు చాలవట, అందుకని టెక్కలికి ఇచ్చారట.

"అదొక్కటేనా బాబూ?"

"అదొక్కటే. ఇంకేటుంటాది?"

ఆయన అద్దాలు తుడుచుకోడానికి వేలు తీశారు. ఆ వేలు కిందున్న వరసలో అంకెలున్నాయి. నాకు అక్షరాలు రావు గానీ అంకెలొచ్చు. గ్రౌండు పనిలో చేరిన కొత్తలో, టేపు చదవడం రాకపోతే ఎలా అని ఆయనే ఆ ఆటల గది తలుపు మీద సుద్దతో రాసి నేర్పారు. ఆరునీ తొమ్మిదినీ కలిపేసేదాన్ని. తొమ్మిది తల పైకి, ఆరు తల కిందికి అని నెల్లాళ్లు చెప్పారు. ఆ కాగితం మీద మూడు, దాని పక్కన రెండు తొమ్మిదులు, ఒక చుక్క, మళ్లీ మూడు ఉన్నాయి. అవి ఆర్లేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. కావు. గదుల గురించి రాసిన ఉత్తరంలో, నాలుగు వందలకి కాస్త తక్కువైన ఆ చుట్టు లెక్కకి పనేముంది? నాకు అంకెలు నేర్పిన సంగతి ఆయన మర్చిపోయారు. లేదా, ఆ గాభరాలో గుర్తు రాలేదు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. అద్దాలు తుడుస్తూనే ఉన్నారు, అవెప్పుడో తుడవడమైపోయింది. "పోనీలెండి బాబూ, గదులు మనం కట్టలేం కదా" అన్నాను. ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు, ఫైలులో పెట్టలేదు.

ఆ ఏడు పోటీలకి టెక్కలి బస్సులో మా ఆడపిల్లలు ఇద్దరే ఎక్కారు. మిగతావాళ్లని ఇళ్లలో పంపలేదు. బస్సు వెళ్లేదాకా నేను రోడ్డు మీద నిలబడ్డాను. వేసవిలో మాస్టారు రిటైరై ఇచ్ఛాపురం వెళ్లిపోయారు. మంచం పట్టారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. ఉత్తరం సంగతి చెప్పేద్దామనే రైలెక్కాను. ఆయన నన్ను చూసి భార్యతో ఒడియాలో ఏదో చెప్పి నవ్వారు. ఆవిడ తెలుగులో చెప్పింది, "నీ గీత ఎప్పుడూ తప్పలేదంట." ఇంకేం చెప్పను? తలూపి, తెచ్చిన కొబ్బరుండలు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు కొత్త పీడీ వచ్చాడు, చిన్నవాడు. నేనింకా సున్నం పడుతున్నాను. గీత అయ్యాక అతను ఎలా వచ్చిందని అడిగితే, బాగున్న చోటు చూపించను, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడికి ముందు తీసుకెళతాను. పిచ్చిదానివి అంటాడు సింహాచలం. అనుకోనీ. ఆ పొద్దు ముగ్గురి ముందు నోరు విప్పినదాన్ని, నాకింక ఎవరి ముందూ నోరు పెగలకపోవడం లేదు. మాస్టారి దగ్గర మాత్రం పెగల్లేదు. తప్పు నాదని తెలిస్తే నేను మళ్లీ తాడు పట్టుకోనేమోనన్న భయంతో ఆయన చెప్పిన అబద్ధాన్ని, నమ్మినట్టే ఉండి చివరిదాకా మోశాను. అలా చేసి ఆయనకి మేలు చేశానో, "నువ్వే సెప్పు" అన్న ఆయన మాటే తప్పానో, ఇది రాయిస్తున్న ఈ గడియకి కూడా నాకు తేలలేదు.