మా బావ ముక్కు

పోయిన వారం మా ఆఫీసు పిల్లలు నన్ను భోజనానికి తీసుకెళ్ళారు. ప్రమోషన్ వచ్చింది వాళ్ళకి, శిక్ష పడింది నాకు. ఎక్కడికి అని అడిగితే చెప్పలేదు. ఇంటర్నేషనల్ సిటీలో కారు ఆపి దిగమన్నాక తలెత్తి చూస్తే అదే చైనా హోటల్, సిచువాన్ వంటలది. ఎర్ర అక్షరాల బోర్డు మారలేదు. తలుపు తీయగానే ముఖాన కొట్టే ఎండుమిర్చి నూనె ఘాటు కూడా మారలేదు. గోడలకు మాత్రం రంగు దీపాలు పెట్టారు, ఫోటోలు బాగా వస్తాయట. ప్లేట్లు రాగానే పిల్లలు ఫోన్లు తీశారు. ఇందులో ఒకరకం మిరియాలు ఉంటాయి సార్, నాలుక జుమ్మంటుంది, ఒకసారి చూడండి అని నాకు పాఠం చెప్పారు. నేను తెల్లన్నం, ఆకుకూర తిని లేచాను. పెద్దాయనకు కారం పడదేమో అని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. జగిత్యాల పక్కన పుట్టినవాడికి కారం పడదట. అనుకోనీ. ఆ జుమ్మనడం ఏమిటో నాకు తెలుసు. అది మా బావను ఏం చేసిందో కూడా తెలుసు.

బావ అంటే మా అక్క మొగుడు. అప్పట్లో ఈ ఎడారి దేశంలోనే, జెబెల్ అలీలో ఒక లేబర్ క్యాంపు మెస్సులో వంటమనిషి. నేను అల్ ఖూజ్‌లో గోదాము లెక్కలు చూసేవాణ్ణి. వారమంతా గోదాములో దుమ్ము మింగి, శుక్రవారం కంపెనీ పికప్ ఎవరిదైనా అటు పోతుంటే ఎక్కి బావ దగ్గర వాలేవాణ్ణి. క్యాంపులో మనవాళ్ళే ఎక్కువ. నేను బావ అంటుంటే విని అందరూ ఆయన్ని బావ అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు నేపాలీలు, బీహారీలు కూడా బావా బావా అనేవాళ్ళు, అది ఆయన పేరే అనుకుని. ఇంతమంది బామ్మర్దులను మేపలేక చస్తున్నానని ఆయన విసుక్కునేవాడు కానీ, ఆ పిలుపుకు లోపల ఎంత పొంగిపోయేవాడో నాకు తెలుసు.

ఆయన వంటలో ఒక వింత ఉంది. వండేటప్పుడు ఎన్నడూ రుచి చూసేవాడు కాదు. వాళ్ళమ్మ ఊళ్ళో పోచమ్మకు బోనం వండేది. అమ్మవారికి పెట్టేది ముందు మనం నోట్లో వేసుకోకూడదు కదా, అందుకని ఆవిడ అన్నీ వాసనతోనే తేల్చేది. కొడుకు ఆ పద్ధతిని అట్లాగే సముద్రం దాటించాడు. మూత కొంచెం జరిపి, కళ్ళు మూసుకుని, ఆవిరిలో ముక్కు పెట్టి ఒక్క క్షణం నిలబడేవాడు. తర్వాత గుప్పెడు ఉప్పు విసిరేవాడు, లేదా చేతులు దులుపుకునేవాడు. అంతే, దానికి తిరుగులేదు. ఉప్పుకు వాసన ఎక్కడిది బావా అని నేను వెక్కిరించేవాణ్ణి.

"ఉప్పుకు ఉండది బామ్మర్ది. ఉప్పు పడ్డ పప్పుకు ఉంటది," అనేవాడు.

కొంచెం నోట్లో వేసుకుంటే పోయేదానికి ఈ తంటా ఎందుకంటే మాత్రం ఆయనకు నిజంగానే కోపం వచ్చేది. "వండినోడు ముందుగాల నోట్లె ఏసుకుంటే అది ఎంగిలి. ఇంతమందికి ఎంగిలి ఎట్ల పెడ్త?" క్యాంపులో ఒక్కో గదిలో మంచాల మీద మంచాలేసి కుక్కిన మనుషులకు, ఎవరూ ఏ మర్యాదా చేయని మనుషులకు, ఆయన అమ్మవారికి చేసే మర్యాద చేసేవాడు. వాళ్ళకు ఆ సంగతి తెలియదు. పప్పుచారు బాగుందని మాత్రం తెలుసు.

ఆ తర్వాత కరోనా వచ్చింది. క్యాంపు గేట్లు మూశారు. బావకు జ్వరమొచ్చింది, ఎక్కడికో తీసుకెళ్ళి ఒంటరిగా పెట్టారు, తగ్గాక తెచ్చి మళ్ళీ వంటింట్లో నిలబెట్టారు. జ్వరం పోతూ పోతూ ఆయన ముక్కును పట్టుకుపోయింది. నాలుకా మొద్దుబారింది. కొన్నాళ్ళకు అదే వస్తుందిలే అన్నారు అందరూ, నాతో సహా. ముక్కు పోయినవాడు గుమాస్తా అయితే ఆ మాట చెల్లుతుంది. ఈయన వంటవాడు. చెంచా కొలత ఎన్నడూ నేర్వనివాడు, ముక్కే కొలతగా బతికినవాడు. ఒకరోజు కూర చప్పగా ఉండేది, మరునాడు ఉప్పు కషాయం. ఎండలో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చినవాళ్ళు ఎంతకాలం ఊరుకుంటారు? క్యాంపు మేనేజరు దగ్గరికి, అదే ముదీర్ దగ్గరికి పోయారు. పోయినవాళ్ళలో బావా బావా అని వెంటబడ్డవాళ్ళే ముందున్నారు. ముదీర్ వేరే వంటవాణ్ణి తెచ్చి, బావను ఉల్లిగడ్డలు కోసే పీట మీద కూర్చోబెట్టాడు. ముక్కు బాగయితే సరి, లేకుంటే రాస్ అల్ ఖైమా క్వారీకి పంపుతానన్నాడు.

"ఉల్లిగడ్డ కోస్తే కండ్లకు నీళ్ళొస్తున్నయి. ముక్కుకు మాత్రం ఏం రావట్లేదు," అన్నాడు బావ ఫోనులో, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా పక్క గోదాములో టైల్స్ లెక్కలు చూసే చైనా ఆయన ఒకడు ఉండేవాడు. ఆయనకూ జ్వరమొచ్చి ముక్కు పోయిందట. చేతులతో, పది హిందీ ముక్కలతో నాకు చెప్పిందేమంటే, వాళ్ళ ఊరి వంట హోటల్ ఒకటి ఉంది, అక్కడ తిన్నాక తన నాలుక లేచి కూర్చుందని. నేను నమ్మానా అంటే నమ్మలేదు. కానీ బావ విన్నాడు. మునిగేవాడికి అది చాలు. అప్పటికింకా సెలవు శుక్రవారమే, ఆదివారానికి మారలేదు. క్యాంపు గేట్లు తెరిచాక, మూతికి గుడ్డలు కట్టుకుని ఇద్దరం ఆ హోటల్‌కు పోయాం.

చిన్న హోటల్. బల్లల మీద ప్లాస్టిక్ కాగితం, అడక్కుండానే గ్లాసుల్లో వేణ్ణీళ్ళు, గల్లా దగ్గర ఏవో గింజలు ఒలుచుకుంటున్న యజమాని. అద్దం వెనక వంటిల్లు కనబడుతోంది. యజమాని భార్య పెద్ద మూకుడు ఊపుతూ వండుతోంది. బావ కుర్చీ అటు తిప్పుకుని ఆమె చేతులే చూస్తూ కూర్చున్నాడు. ఆమె చిన్న గరిటెతో తీసింది, నోట్లో పోసుకుంది, ఉప్పేసింది, మళ్ళీ తీసి చూసింది. బావ లేచి నిలబడ్డాడు.

"చూసినవా? ఎంగిలి. పోదాం పా."

ముక్కు కావాల్నా, మడి కావాల్నా అని నేను గదిమి కూర్చోబెట్టాను. కోడి వేపుడు వచ్చింది. కోడి అంటున్నాను కానీ ప్లేటు నిండా ఎండుమిరపకాయలే, ఎర్రగా గుట్టపోసినట్టు. ఆ గుట్టలో గోలికాయలంత ముక్కలు వెతుక్కుని తిని, మిరపకాయలు వదిలేయాలి. అది వాళ్ళ పద్ధతి. మాకెవరు చెప్పారు? బావ మిరపకాయలే నమలడం మొదలుపెట్టాడు. యజమాని పరుగెత్తుకొచ్చి, చిన్నపిల్లలకు చూపించినట్టు మిరపకాయలు పక్కకు నెట్టి ముక్కలు చూపించాడు. తిననిదానికి అన్ని మిరపకాయలు ఎందుకు ఖరాబు చేసిండని బావ నన్ను నిలదీశాడు. నేను కూడా నమిలాను, మనవాడు ఓడిపోకూడదు కదా. మా కళ్ళల్లో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు. చాలారోజుల తర్వాత ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ రోజు గురించి నాకు మిగిలిన మంచి అంతవరకే.

ఉన్నట్టుండి బావ నమలడం ఆపేశాడు. పెదవులు వణికాయి. వేలితో నాలుక తాకి చూసుకున్నాడు.

"వచ్చింది బామ్మర్ది. నాలుకకు తెలుస్తున్నది."

నా నాలుక కూడా అప్పటికే జుమ్మంటోంది, పెదవులు తిమ్మిరెక్కాయి. అది ఆ మిరియాల గుణం. అదే మాట చెప్పాను. నాకూ అట్లనే ఉంది బావా, ఎవరు తిన్నా అట్లనే ఉంటది, అది రుచి కాదు, తిమ్మిరి అన్నాను. ఆయన వినే స్థితిలో లేడు.

"నువ్వు ఊకో. నా నాలుక సంగతి నాకు ఎరుక."

అక్కడే అక్కకు ఫోన్ చేశాడు. ఆమె ఏడుపు నాకు బల్ల ఇవతలికి వినబడింది. అద్దం వెనక వంట చేసే ఆమె కూడా ఏమిటో అని తొంగి చూసింది. బావ ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఎంగిలి సంగతి మరిచిపోయాడు పాపం.

మరునాడే ముదీర్ దగ్గరికి పోయి తనకు బాగయిందని చెప్పాడు. సరే, వచ్చే శుక్రవారం బగారా అన్నం, కోడికూర నువ్వే వండు, చూస్తానన్నాడు ఆయన. ఎవరినైనా పక్కన పెట్టుకో, ఎవరో ఒకరు రుచి చూస్తారు అని నేను ఫోనులో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మళ్ళీ అదే ఎంగిలి మాట. పైగా ఆ రోజు వంటింట్లోకి ఎవరినీ రానీయలేదు. గడియ పెట్టుకున్నాడు. తన చేయి తప్ప ఇంకో చేయి పడలేదని అందరికీ తెలియాలట.

నేను వెళ్ళేసరికి జనం పళ్ళాలు పట్టుకుని వరసలో ఉన్నారు. పికప్ దిగి గేటు దాటానో లేదో, వాసన తగిలింది. అడుగంటిన వాసన. కొంచెం కాదు, పెద్ద వంట గంజు అడుగు నల్లగా మాడితే వచ్చే కమురు వాసన. వరసలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడే తలుపు తెరుచుకుంది. బావ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆ కమురు ఆవిరి మధ్యన నిలబడి, మూత జరిపి, కళ్ళు మూసుకుని, ముక్కు పెట్టాడు. తలాడించాడు. నన్ను చూసి నవ్వాడు.

"రా బామ్మర్ది. మొదటి పళ్ళెం నీకే. ఎట్లున్నదో చెప్పు."

తిన్నాను. మంచిగున్నది బావా అన్నాను. నా వెనకవాడు మాట్లాడకుండా పళ్ళెంలో పెట్టించుకున్నాడు. వాడి వెనకవాడూ అంతే. తిట్టడానికి ముదీర్ దాకా పోయినవాళ్ళు ఆ రోజు కిక్కురుమనలేదు, తలలొంచుకుని తిన్నారు. వాళ్ళ మీద నా కోపం సగం అక్కడే పోయింది. ముదీర్‌కు మాత్రం ఆ మొహమాటం ఎందుకుంటుంది? ముక్కుకు చేయి అడ్డం పెట్టుకుని వచ్చి, గరిటె అడుగుదాకా దించి, నల్లటి చెక్క పైకి తీసి బావ కళ్ళ ముందు పెట్టాడు. ఖలాస్ అన్నాడు. బావ ఆ చెక్కను చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

క్వారీలో రాళ్ళు పిండి చేసే చోట వేశారు. ఆ దుమ్ములో ముక్కుతో పనేముంది? ఇంటికి పోయి ఏం మొహం పెట్టుకుని వండాలి అని అక్కడే ఉండిపోయాడు. పోయినేడు ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, పక్క రూముల ఎవనిదో పప్పు మాడుతున్నది."

మాడితే నాకెందుకు చెప్తున్నాడో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, వాసన తెలుస్తోందా బావా అని అరిచాను. ఆయన పోయి ఆ పొయ్యి ఆర్పి వచ్చాడట. పోపులో జీలకర్ర ఎక్కువేశారని కూడా చెప్పాడు. నేను ఆనందం పట్టలేక, పాత ముదీర్‌ను అడుగుదాం, నేనే వచ్చి మాట్లాడతానన్నాను. పాత క్యాంపులో వంటిల్లు ఎత్తేశారనీ, ఎక్కడినుంచో డబ్బాల్లో సీలు వేసిన అన్నం వస్తోందనీ నాకంటే ముందే ఆయనకు తెలుసు. బావా అని పిలిచినవాళ్ళలో కొందరు ఊళ్ళకు పోయారు, కొందరు వేరే కంపెనీలకు పోయారు.

"ఎవలకు వండాలె?" అన్నాడు.

కాలం ఆయన ముక్కును తెచ్చి ఇచ్చింది. ఇవ్వలేదని అనలేను. ఆ గంజు మాత్రం అప్పటిదాకా పొయ్యి మీద ఉండలేదు.