వేపాకు గీసిన వలయం

మొన్న మార్కాపురం బజారులో జ్వరం మాత్రలు కొందామని మందుల షాపుకు వెళ్తే, కౌంటరు వెనకున్న అమ్మాయి మాత్రలతో పాటు ఒక ఆకుపచ్చ సీసా కూడా నా ముందు పెట్టింది. "కొత్తగా వచ్చింది మేడం, వేపాకు ఎక్స్‌ట్రాక్టు. సైన్సులో ప్రూవ్ చేసినారంట," అంది. నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న పెద్దమనిషి నన్ను అదోలా చూసి ఒక అడుగు అవతలికి జరిగాడు. వేపాకును సైన్సు పరీక్షకు కూర్చోబెట్టింది మా జేజి అనీ, ఆ పరీక్ష మీద ఆమె కాలే ఆధారపడిందనీ ఆ పిల్లకేం తెలుసు! సీసా కొనలేదు గానీ, ఇల్లు చేరేదాకా నాకు మళ్లీ డిగ్రీ చదువుతున్నంత హుషారుగా ఉండింది.

జేజి అంటే మా నాయన తల్లి. మా పల్లె రాచర్లకు దగ్గర. వారమంతా మేకల వెంట తిరిగి, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేది. ఆమెకు దేవుడు ఒక్కడే, మందూ ఒక్కటే. పిల్లలకు ఒంటిమీద తట్టు లేస్తే వేపాకు నీళ్ల స్నానం, తలలో పేలు పడితే వేపాకు ముద్ద, మేక గిట్టల మధ్య పుండు పడితే వేపాకూ పసుపూ నూరి కట్టు, కందులు నిలవ చేస్తే డబ్బా అడుగున ఎండు వేపాకు. సాయంత్రం దోమలకు వేపాకు పొగ వేస్తే, దోమలకంటే ముందు మేం బయటికి పరిగెత్తేవాళ్లం. కడుపులో నులిపురుగులని అనుమానం వచ్చిందంటే మాత్రం ఊరే దాటేవాళ్లం, ఎందుకంటే అప్పుడు రసం తిన్నగా గొంతులోకే. ఆ చేదు రాత్రి తినే అన్నంలో కూడా తగిలేది.

నేను గిద్దలూరులో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా జేజి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. ముల్లు బయటికి వచ్చింది గానీ పుండు మానలేదు. అప్పటికే ఆమెకు షుగరు. పొద్దున్నే వేపాకు నీళ్లతో కడుక్కుని, ముద్ద కట్టుకుని, మళ్లీ మేకల వెంట పోయేది. పుండు అంచులు నల్లబడటం మొదలైంది. ఊళ్లోకి వచ్చే నర్సమ్మ చూసి, ఇంకా నాన్చితే కాలికే ముప్పు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండని నాయనకు గట్టిగా చెప్పింది. నాయన బతిమాలాడు, కోప్పడ్డాడు, ఒక పూట అన్నం కూడా మానేశాడు. జేజి కదల్లేదు. మా వీధిలో ఒకాయన ఇలాంటి పుండుతోనే ఆసుపత్రికి పోయి ఒంటికాలితో తిరిగొచ్చాడు. ఆయన పోవలసినప్పుడు పోలేదన్న సంగతి జేజి చెవికి ఎక్కేది కాదు. "నడిచిపోయినోన్ని మోసుకొచ్చినారు. నేను పోను," అనేది, అంతే.

సరిగ్గా అప్పుడే మా కాలేజీలో సూక్ష్మజీవుల ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. నాకు ఆ ల్యాబంటే పిచ్చి. మూతున్న చిన్న గాజు పళ్లెంలో జెల్లీ పోసి, దానిమీద పుండ్లలో చీము పట్టించే సూక్ష్మజీవుల్ని పూస్తాం. మందులో ముంచిన కాగితం బిళ్లను మధ్యలో పెట్టి వెచ్చటి పెట్టెలో ఉంచుతాం. తెల్లారేసరికి పళ్లెమంతా పలచటి మీగడ కట్టినట్టు అవి పెరిగి ఉంటాయి. మందుకు బలముంటే బిళ్ల దగ్గరికి రాలేవు, చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఇదంతా ఒక సాయంత్రం జేజికి చేతులు తిప్పుతూ చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి. "అట్లయితే నా ఆకును కూడా పరీక్షకు పెట్టు పాపా. ఓడిపోయిందంటే నువ్వు యాడికి రమ్మంటే ఆడికొస్తా. గెలిచిందంటే మాత్రం మీ నాయన నాకాడ ఆసుపత్రి మాట ఎత్తగూడదు."

నాయన ఎగిరి గంతేశాడు. ఆకూ అలమూ గెలవడమేంది, రేపే పెట్టెయ్ పాపా అన్నాడు. నా అవస్థ ఎవరికి చెప్పను? జేజి కాలు దక్కాలంటే వేపాకు ఓడిపోవాలి. నిజం చెప్పొద్దూ, అది గెలవాలని కూడా నాకు లోపల పీకుతూనే ఉంది. ఎన్నేళ్లు తాగించింది ఆ చేదు! అదంతా ఉత్తదేనంటే ఎలా?

కాలేజీ వెనక చెట్టు ఆకు కోసి, నీళ్లలో ఉడకబెట్టి, బిళ్ల ముంచి పెట్టాను. మర్నాడు చూస్తే చుట్టూ ఖాళీ మాట దేవుడెరుగు, సూక్ష్మజీవులు బిళ్లను ఒరుసుకుని మరీ పెరిగాయి. ఆటో దిగగానే పరిగెత్తుకుంటూ పోయి చెప్పాను. జేజి తొణకలేదు. "ఏ చెట్టు ఆకు తెచ్చినావు?" అంది. చెప్పాను. "ఆ చెట్టుకు రోడ్డు దుమ్ము తప్ప ఇంకేముంది? మన కల్లం కాడి చెట్టుది పెట్టు," అంది. నాయన తల పట్టుకున్నాడు. మా ల్యాబు మేడం మాత్రం ఈ సంగతి విని పకపకా నవ్వి, "మీ జేజి తప్పేమీ అడగలేదు. ఒక్కసారి చేసి తీర్పు చెప్పేస్తామా? నీళ్లు ఆకులోని సారమంతా లాగలేవు. ఈసారి నీడన ఆరబెట్టి, పొడి చేసి స్పిరిట్‌లో నానబెట్టు," అంది. నేను జేజికి ఒక షరతు పెట్టాను, అది తేలేదాకా రోజూ నర్సమ్మతో కట్టు కట్టించుకోవాలని. గొణుగుతూనే ఒప్పుకుంది.

జేజి కుంటుకుంటూ పోయి తానే లేత ఆకు కోసిచ్చింది. ఆరిన పొడి స్పిరిట్‌లో పడగానే అడవంతా సీసాలోకి దిగినట్టు ముదురాకుపచ్చ రంగు వచ్చింది. వడకట్టి, బిళ్లను ముంచి, ఆరనిచ్చి పళ్లెంలో పెట్టాను. పక్కనే ఒట్టి స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టిన బిళ్ల ఒకటి, డాక్టర్లు వాడే మందు బిళ్ల ఒకటి పెట్టమంది మేడం. తాను చూడనిది నమ్మనని జేజి ముందే చెప్పింది గనక, మర్నాడు పొద్దున నాయన ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, అందరికీ దణ్ణం పెడుతూ ల్యాబులోకి వచ్చింది.

పెట్టె తెరిచి పళ్లెం పైకెత్తానో లేదో గట్టిగా అరిచేశాను. వచ్చింది! ఆకుపచ్చ బిళ్ల చుట్టూ, సన్నగా, స్పష్టంగా, గుండ్రంగా ఖాళీ! మూత చుట్టూ టేపు వేసి కిటికీ వెలుతురులో జేజికి చూపించాను. "స్తోత్రం యేసయ్యా!" అని రెండు చేతులూ ఎత్తేసింది. మా క్లాసు పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేను గెంతుతున్నాను. గుమ్మంలో నాయన ఒక్కడే తల దించుకుని ఉన్నాడు. ఆయన ముఖం చూశాక నా కాళ్లు ఆగిపోయాయి.

"ఆగు," అంది జేజి. "సారాయి లాంటిదాంట్లో నానబెట్టినావు గదా. ఆ ఘాటుకు చచ్చినాయేమో?"

"ఒట్టి స్పిరిట్ బిళ్ల ఇదో జేజీ. దీని చుట్టూ ఏమీ చావలేదు. చంపింది నీ ఆకే."

జేజి తృప్తిగా తలాడించింది. తర్వాత ఆమె చూపు పక్కకు జరిగింది. "మరి ఆ పెద్ద గుండ్రం ఎవురిది?"

"డాక్టరు మందుది జేజీ," అన్నాను మెల్లగా. ఆమె గాజు మీద బొటనవేలు ఆనించింది. వేపాకు వలయం వేలికింద పూర్తిగా దాక్కుంది. వేలు పక్కకు జరిపింది. మందు వలయం చుట్టూరా ఇంకా కనపడుతూనే ఉంది. వేలు మార్చింది, మళ్లీ పెట్టింది.

"మన ఆకు గెలిచింది. దాంట్లో అబద్ధం లేదు," అంది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది. "ఏందిరా అట్ల నిలబడినావు? ఆటో ఉందా, పోయిందా? ఆసుపత్రికి పోదాం పా."

నాయన అంత పెద్ద మనిషి, అక్కడే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నవ్వుతూనే. ఆసుపత్రిలో పుండు శుభ్రం చేసి, సూదులు వేసి, షుగరు అదుపులోకి తెచ్చారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కాలు మిగిలేది కాదని డాక్టరు నాయనను పక్కకు పిలిచి చెప్పాడు. జేజి మాత్రం మంచం మీద నుంచే డాక్టరుకు ధైర్యం చెప్పింది: "మా ఆకు కూడా చంపుతాది నాయనా. నీ మందంత కాదులే." ఊరికొచ్చాక తన వేపాకు కాలేజీలో పాసైందని చర్చిలో సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత ఎవరికి పుండు లేచినా నీళ్లతో కడిగి, తానే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయేది.

ఇప్పుడు నేను మార్కాపురంలో ఒక ల్యాబులోనే పనిచేస్తున్నాను. రోజూ ఎన్నో వలయాలు కొలుస్తాను, ఆ పొద్దు అరిచినట్టు మళ్లీ ఎప్పుడూ అరవలేదు. వాడిన పళ్లేలను ఉంచకూడదు గనక, జేజి చూసిన ఆ పళ్లేన్ని మధ్యాహ్నమే ఆవిరిలో ఉడికించి పారేశాం. ఆ వలయం బతికింది ఒక్క పూట. దాన్ని చూసిన మా జేజి మాత్రం తన రెండు కాళ్ల మీద, మేకల వెంట, ఇంకా ఎన్నో ఏళ్లు నడిచింది.