వాటంతటవే కదిలిన కాళ్ళు

మా తమ్ముడు లిఫ్టు మెకానిక్. వీధిలో వాడి పేరు ‘పైకీకిందకీ’. ఎవరో తుంటరి పెట్టాడు, అదే స్థిరపడింది. మహా మొండివాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాకు తిక్క రేగి నాలుగు తిడితే నవ్వి ఊరుకునేవాడు.

అలాంటివాడు ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు పెట్టె మీద నిలబడి పనిచేస్తూ, కాలు జారి అడుగున గుంతలో పడ్డాడు. ఆపరేషన్ చేసి వెన్నెముకకు రాడ్లు బిగించారు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద గిల్లినా తెలియదు. వెన్నుపాము పూర్తిగా తెగలేదు, నలిగింది, కొంత తిరిగి రావచ్చు అన్నారు. ఆ ‘కొంత’ పట్టుకునే మేం బతికాం.

దానికి ఒక దారి ఉంది. చికిత్స కేంద్రంలో నడక యంత్రం. మనిషిని పైనుంచి పట్టీలతో వేలాడదీసి, కాళ్ళకు చట్రాలు తొడిగి, కదిలే పట్టా మీద నడిపిస్తుంది. అలా నడిపించగా నడిపించగా కొందరి నరాలకు పాత పని గుర్తొస్తుందట. ఉన్నది ఒక్కటే యంత్రం. మా వాడి వంతు రావడానికి నెలలు పట్టేలా ఉంది.

ఈలోగా ఒకరోజు పొద్దున్నే మరదలు కేక పెట్టింది. “వదినా, ఇటు రా! కాలు కదిలింది!” దుప్పటి కింద వాడి మోకాలు నిజంగానే ఎగిరెగిరి పడుతోంది. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మా సంతోషం మీద నీళ్ళు చల్లింది. “అది ఆయన కదపడం కాదండీ. మెదడు మాట కిందికి అందక, నరాలు వాటంతటవే బిగుసుకుని ఎగురుతున్నాయి. వదిలేస్తే కాళ్ళు ముడుచుకుపోతాయి. డాక్టరుగారు రాసిన ఈ మాత్ర రోజూ వేయండి, కాళ్ళు సాగదీయండి.”

“అంటే ఎవరూ బటన్ నొక్కకుండా లిఫ్టు కదిలినట్టు” అన్నాడు తమ్ముడు. “అలాంటి లిఫ్టులో నేనైతే పురుగును కూడా ఎక్కనివ్వను.”

అందరం నవ్వాం. వాడికి అర్థమైందనే అనుకున్నాం.

మరదలు తన చేత్తో మాత్ర వేసేది. నేను కాళ్ళు సాగదీసేదాన్ని. రానురాను ఆ మోకాళ్ళు నా బలానికి లొంగడం మానేశాయి. మాత్ర మోతాదు పెంచారు, అయినా అంతే. వాడు మాత్రం మహా హుషారుగా ఉండేవాడు. “చూశావా అక్కా, ఎలా తంతోందో!” అనేవాడు.

చివరికి వంతు వచ్చింది. పట్టీలు బిగించి పైకి లేపారు. చాలాకాలానికి తమ్ముడు నాకంటే ఎత్తుగా కనిపించాడు. చట్రంలో పెట్టబోతే మోకాళ్ళు పూర్తిగా సాగలేదు. నెమ్మదిగా సర్ది మీట నొక్కారు. కాళ్ళు ఒక్కసారిగా బిగుసుకున్నాయి, యంత్రం కీచుమని ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించినా అదే తంతు. ఇక వద్దంది ఆ అమ్మాయి.

“మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?”

“నా చేత్తో వేస్తున్నానండీ” అంది మరదలు, కళ్ళ నీళ్ళతో.

“దాన్నేమీ అనకండి” అన్నాడు తమ్ముడు, పట్టీల్లో వేలాడుతూనే. “నేనే మింగలేదు. బుగ్గన పెట్టుకుని, అది అటు తిరగ్గానే ఉమ్మేసేవాణ్ణి.”

“నీ మొహం మండ! ఎందుకురా?” అంతమందిలో అరిచాను.

“మింగిన రోజు అవి కదలడం లేదక్కా. శవం కాళ్ళలా పడుంటున్నాయి. చూడలేకపోయాను.”



వాణ్ణి దించి కుర్చీలో కూర్చోబెట్టారు. అవే పట్టీలు పక్కన ఎదురుచూస్తున్న ఇంకొకాయనకు బిగించారు. మా వాడికి సూదిమందు ఇచ్చి, కట్లు కట్టి, మోకాళ్ళు సాగుతాయేమో చూస్తామన్నారు. సాగకపోతే యంత్రం ఊసే ఎత్తొద్దన్నారు. మొదటి రోజుల్లో కదలిక తిరిగి వచ్చినంతగా తర్వాత రాదని కూడా చెప్పారు. ఆ మొదటి రోజులన్నీ మా వాడు ఉమ్మేసుకున్నాడు.

ఆ సాయంత్రం మరదలు నీళ్ళ గ్లాసూ మాత్రా వాడి ముందు పెట్టి వెళ్ళబోయింది. “ఆగు” అన్నాడు. మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, నోరు పెద్దగా తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. నోరు అలాగే తెరుచుకుని నావైపు తిరిగాడు.

చూశాను. “మింగావులేరా, ఇక మూసుకో” అన్నాను.