మామయ్య ఎడమ కాలు

మామయ్య దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. కంపెనీ క్లచ్ నిలబెట్టుకున్నవాళ్ళు, నిలబెట్టుకోలేనివాళ్ళు. కొత్త కారుతో పాటు వచ్చిన క్లచ్ ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చెబితే చాలు, ఆ మనిషి గుణం, ఓపిక, ఇంట్లో పెళ్ళాంతో ఎలా ఉంటాడో అన్నీ చెప్పేస్తాడు. అడక్కపోయినా చెప్పేస్తాడు, అదీ బాధ.

ఎవరైనా ఎదురుపడితే "బాగున్నారా?" అనడు. "కంపెనీ క్లచ్చేనా?" అంటాడు. ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, మాట రాక, ఎడమచేత్తో గాల్లో గేర్లు మార్చి, ఎడమ కాలు ఆడించి మరీ అడిగాడు. ఆ గాభరాలో డాక్టరు ఒక పన్ను బదులు పక్క పన్ను పీకేశాడని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. మామయ్య మాత్రం ఆ డాక్టరుని వెనకేసుకొస్తాడు. "పన్నుదేముందే? ఆయన క్లచ్ లక్షా ముప్పై వేలు దాటింది. నిదానస్తుడు!"

పక్కింటివాళ్ళు కూతురికి సంబంధం చూస్తూ సలహాకి వచ్చారు.

"అబ్బాయి బుద్ధిమంతుడండీ. ఉద్యోగం మంచిది."

"క్లచ్?"

"ముప్పై వేలకే మార్పించాడట."

"వద్దు. పట్టాల్సిన చోట పట్టడు, వదలాల్సిన చోట వదలడు."

వాళ్ళు కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు. పెళ్ళి జరిగింది లెండి. ఆ అల్లుడు ఇప్పటికీ మామయ్యని చూస్తే కారు పక్క సందులోకి తిప్పేస్తాడు.

ఇంతకీ మామయ్య సొంత కారు సంగతి. పదహారేళ్ళ నాటి బూడిదరంగు బండి. మీటరు రెండు లక్షల నలభై వేలు చూపిస్తోంది. బానెట్ మీద తట్టి, "కంపెనీ క్లచ్! ఇంతవరకూ ఒక్క బోల్టు విప్పలేదు" అంటాడు. రోజుకి నాలుగుసార్లయినా అంటాడు.

సరిగ్గా అక్కడే మేనకోడలికి బుర్ర తిరిగిపోయేది. ఎందుకంటే ఆ వీధిలో సగం మంది డ్రైవింగు నేర్చుకున్నది ఆ కారులోనే. లెక్కల టీచరమ్మ, లేడీస్ టైలరు, రిటైరైన పోస్టుమాస్టరు, అందరూ. ఫీజు లేదు, విసుగు లేదు, అడిగితే చాలు పక్క సీట్లో కూర్చునేవాడు. నేర్చుకునేవాళ్ళ కాలి కింద క్లచ్ ఎంతకాలం బతుకుతుందో కారున్న ఎవర్నడిగినా చెబుతారు. మరి ఈ క్లచ్ ఏమిటి, ఇనప గుగ్గిళ్ళు తిని పుట్టిందా?

ఆ మేనకోడలు నర్సు. మామయ్య ఇంట్లోనే ఉండి ఆస్పత్రికి వెళ్ళొస్తోంది. మంచాన పడ్డ రోగుల ఇళ్ళకే వెళ్ళి చూసే నర్సు పోస్టు ఒకటి వచ్చింది. కారు ఆస్పత్రివాళ్ళే ఇస్తారు, నడుపుకోవాల్సింది నర్సే. నెలాఖరులోగా లైసెన్సు చూపించాలి, లేకపోతే ఆ పోస్టు వేరేవాళ్ళకి పోతుంది. వార్డులో ఎనిమిదేళ్ళు రాత్రీ పగలూ చేసిన మనిషికి ఆ పోస్టంటే ప్రాణం. కానీ డ్రైవింగు పరీక్షలో రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఎత్తు మీదే. సగం ఎక్కాక ఆపి మళ్ళీ కదిలించమంటారు. కారు కదిలేది, కాకపోతే వెనక్కి.

"మామయ్యా, నా వల్ల కాదు. నీ క్లచ్ కాస్తా కాల్చేస్తాను."

"ఇది నీకు లొంగుతుందటే పిచ్చిదానా! కంపెనీ క్లచ్. టీచరమ్మకే లొంగలేదు. కానియ్. క్లచ్ మెల్లగా వదులు."

"వదిలాను."

"అది వదలడం కాదమ్మా, పారెయ్యడం. మళ్ళీ."

మూడో పరీక్షకి పది రోజులుందనగా, నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు మీద ముప్పావుగంట కుస్తీ పట్టింది. ఇంజను గోలపెడుతోంది, బండి మాత్రం కదలదు. కాసేపటికి ఘాటైన మాడు వాసన లేచింది. మేనకోడలు ఇంజను ఆపేసింది.

"మామయ్యా! ఏదో మాడుతోంది!"

మామయ్య అద్దం దించి, గట్టిగా ఊపిరి పీల్చి, "పక్క వీధిలో టైర్లు కాలుస్తున్నారు. వెధవలకి బుద్ధి లేదు" అన్నాడు.

"పొగ మన బానెట్ కింద నుంచి వస్తోంది!"

"అటు నుంచి ఇటు వచ్చి, ఇటు నుంచి లేస్తోంది. గాలి వాటం."

మర్నాడు పొద్దున్నే కారు లేదు. మామయ్యా లేడు. "గాలి పట్టించుకొస్తానని వెళ్ళాడు" అంది అత్తయ్య. సాయంత్రం మామయ్య బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. కారు ఆ మర్నాటి సాయంత్రానికి గానీ రాలేదు.

"నాలుగు చక్రాలకి గాలి పట్టడానికి రెండు రోజులా మామయ్యా?"

"అయిదు. స్టెప్నీని మర్చిపోయావు."

ఆమె బండెక్కి క్లచ్ తొక్కింది. మొన్నటిదాకా బండరాయిలా ఉన్న పెడల్ మెత్తగా దిగింది.

"పెడల్ తేలికైపోయిందేమిటి?"

"నీ కాలు గట్టిపడింది."

మేనకోడలు తన కాలి వంక చూసుకుంది. నిన్నటి కాలే. కుడితిలో పడ్డ ఎలుకలా ఆలోచనలో గిలగిలా కొట్టుకుని, ఆ వారమంతా కనబడ్డవాళ్ళందర్నీ అడిగింది, అసలు కంపెనీ క్లచ్ ఎంతకాలం వస్తుందని. ట్యాక్సీ డ్రైవరు రెండు లక్షలన్నాడు. వార్డు డాక్టరు నలభై వేలంది. పోస్టుమాస్టరు "బండిని బట్టి" అన్నాడు, టైలరు "రోడ్డుని బట్టి" అంది, టీచరమ్మ "మీ మామయ్యది చూస్తే అసలు అరగనే అరగదేమో" అని తేల్చేసింది. అడక్కముందు కొద్దో గొప్పో తెలుసనుకుంది. అడిగాక అదీ పోయింది. చివరికి తనే ఎవర్నయినా చూస్తే "కంపెనీ క్లచ్చేనా?" అని పలకరించే స్థితికి వచ్చింది. అత్తయ్య హడలిపోయింది.

"అయ్యో, నీకూ అంటుకుందటే!"

పరీక్ష రోజున మామయ్య కంచె దగ్గర నిలబడి, ఊరుకోకుండా ఇన్‌స్పెక్టర్ని పట్టుకున్నాడు.

"మీదేనా సార్ ఆ తెల్ల కారు? కంపెనీ క్లచ్చేనా?"

"ఎక్కడిదండీ! మా ఆవిడ నేర్చుకుంటానని ఆర్నెల్లలో బూడిద చేసింది."

మామయ్య ముఖం మాడిపోయింది. "ఆవిడతో అలా అన్నారా?"

"అనక?"

"ఇప్పుడు నడుపుతున్నారా ఆవిడ?"

ఇన్‌స్పెక్టరు, "లేదండీ, మానేసింది" అన్నాడు.

"మరి! క్లచ్ పోతే మళ్ళీ వేస్తారు సార్" అన్నాడు మామయ్య, ఎన్నడూ లేనంత కటువుగా. కంపెనీ క్లచ్ దేవుడి లాంటిదనే మనిషి నోట ఈ మాటేమిటో, పక్కనే ఉండి విన్న మేనకోడలికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. ఎత్తు ఎక్కింది, ఆపింది, క్లచ్ మెల్లగా వదిలింది, కారు వెన్నలా ముందుకు కదిలింది. లైసెన్సు వచ్చింది, పోస్టూ వచ్చింది. ఆమె అక్కడే భోరుమంది. మామయ్య కళ్ళు తుడుచుకుంటూ, "చూశావా, కంపెనీ క్లచ్!" అన్నాడు.

రెండు నెలల తర్వాత ఆస్పత్రి కారుని సర్వీసుకి తీసుకెళ్ళమన్నారు. ఊరి చివర, రైలు గేటు అవతల ఒక షెడ్డు. అక్కడి మెకానిక్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కారు కాస్త ముందుకీ వెనక్కీ నడిపి చూసి, "కాలు బాగుందమ్మా మీది. ఎవరు నేర్పారు?" అన్నాడు.

మేనకోడలు పొంగిపోయి చెప్పింది. ఏ వీధో, ఏ రంగు కారో కూడా చెప్పింది. మెకానిక్ స్పానర్ కింద పడేశాడు.

"ఆయనా? ఆ బూడిదరంగు బండాయనా? ఆయన మీకు నేర్పాడా!"

"తెలుసా మీకు?"

"తెలియకపోవడమేమిటమ్మా! ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత చండాలంగా క్లచ్ తొక్కే మనిషిని చూడలేదు. సరిగ్గా తొక్కితే ఆ బండికి కంపెనీ క్లచ్ లక్షన్నర ఎక్కడికీ పోదు. ఈయనకి ఇప్పటికి అయిదు క్లచ్ ప్లేట్లు వేశాను. మొన్న రెండు నెలల కిందటే అయిదోది. విప్పితే బొగ్గు!"

రెండు నెలల కిందట. నీళ్ళ ట్యాంకు ఎత్తు. టైర్లు కాలుస్తున్న పక్క వీధి. మేనకోడలు మెల్లగా అడిగింది.

"మీరేమీ అనలేదా ఆయన్ని?"

"అనకపోవడమేమిటి, కడిగి పారేస్తాను! ఎడమ కాలు ఇంట్లో పెట్టి రండి సార్ అంటాను. కుర్రాళ్ళు కూడా నవ్వుతారు. పాపం ఎదురు చెప్పడు. తల వంచుకుని, 'ఏం చెయ్యనండీ, అలవాటైపోయింది, ఈ కాలు మాట వినదు' అంటాడు. పెద్దమనిషే గానీ, కాలు మాత్రం దరిద్రం."

లోకం మొత్తాన్ని క్లచ్‌తో కొలిచే మనిషి, క్లచ్ తెలిసిన ఒకే ఒక్క మనిషి ముందు పదహారేళ్ళుగా తల వంచుకుని నిలబడ్డాడు. టీచరమ్మ కాలు, టైలరు కాలు, పోస్టుమాస్టరు కాలు, తన కాలు, అన్నీ ఆయన ఎడమ కాలి మీదే పడ్డాయి. మేనకోడలికి కోపం వచ్చింది. "ఆయన కాలు కాదండీ, మా కాళ్ళు" అని అరవబోయింది. నోటిదాకా వచ్చింది. కానీ ఈ మెకానిక్ నోట్లో నువ్వుగింజ నానదని అప్పటికే తెలిసిపోతోంది. రేపు టీచరమ్మ బండి వస్తుంది, ఎల్లుండి టైలరు వస్తుంది. ఎవరు ఎప్పుడు ఎంత కాల్చారో వీధంతా తెలుస్తుంది.

చివరికి, "అవునండీ, మా మామయ్య కాలు అంతే" అంది. ఆ మాట అనడం ఆ ఎత్తు ఎక్కడం కంటే కష్టమైంది.

ఇంటికెళ్ళేసరికి బూడిదరంగు కారులో ఎదురింటి పెద్దావిడ స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉంది. అరవై రెండేళ్ళు. భర్త పోయాక ఆయన కారు రెండేళ్ళుగా ముసుగేసుకుని అలాగే నిలబడి ఉంది. కదిలిస్తే ఆవిడే కదిలించాలి. మేనకోడలు వెనక సీట్లో ఎక్కింది. నీళ్ళ ట్యాంకు ఎత్తు వచ్చింది. ఇంజను గోలపెట్టింది. ఘాటైన వాసన లేచింది.

పెద్దావిడ స్టీరింగు మీద నుంచి చేతులు తీసేసింది. "నాయనా, నీ బండిని కాల్చేశానా ఏమిటి? ఏదో మాడుతోంది!"

మామయ్య అద్దం దించి ఊపిరి పీల్చాడు. ఆయన నోరు తెరిచేలోగా వెనక నుంచి మేనకోడలు అందుకుంది.

"పక్క వీధిలో టైర్లు కాలుస్తున్నారు పెద్దమ్మగారూ. మీరు కానివ్వండి. కంపెనీ క్లచ్, దానికేం కాదు. నాకే లొంగలేదు."

ఏ గూటి చిలక ఆ గూటి పలుకే. మామయ్య చప్పున పైనున్న అద్దంలోకి చూశాడు. మేనకోడలు కిటికీ బయటికి చూస్తూ, "మామయ్యా, టైర్లలో గాలి తగ్గినట్టుంది. రైలు గేటు అవతల షెడ్డుకి ఈసారి నేను తీసుకెళ్తానులే. తిట్లేమైనా ఉంటే నేను తింటాను" అంది.

మామయ్య ఎడమ కాలు కాస్త వెనక్కి లాక్కున్నాడు. "రెండు రోజులు పడుతుంది మరి" అన్నాడు.

"గాలి పట్టడానికి రెండు రోజులా?" అంది పెద్దావిడ, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ.

"అయిదు చక్రాలండీ" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.