నేను ఖాళీ చేసిన మాక్రో

ఆరేళ్లుగా ఒక అబద్ధం మీద బతుకుతున్నాను. అబద్ధం కూడా కాదేమో. నోటితో చెప్పింది తక్కువ, చెప్పకుండా ఉండిపోయిందే ఎక్కువ. ఈ ఆరేళ్లలో పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాను, ఆదివారాలు మా బాప్టిస్టు చర్చిలో నిలబడి వాక్యం చదివాను. పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చినప్పుడల్లా అందరితో పాటు తల వంచాను. లోపల మాత్రం ఆ ఒక్కదాన్ని పక్కకు జరిపి కోపం, బద్ధకం, ఇంట్లోవాళ్లను కసురుకోవడం లాంటి చిన్నవాటిని తలుచుకున్నాను. దేవుడికి తెలియదా? తెలుసు. మరి ఎవరి దగ్గర దాచినట్టు?

మీకు చెబుతాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

రాష్ట్రం విడిపోవడానికి ముందు ఏడాది సంగతి. విజయనగరంలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేది మా కంపెనీ. ఫ్యాక్టరీ యంత్రాలకు కంట్రోల్ పెట్టెలు తయారుచేసేవాళ్లం. ఆ పెట్టెల్లోకి ఎక్కే ప్రోగ్రాములు సి భాషలో రాసేది నేను. వాటిని పరీక్షించేది సత్యవతి. నరసన్నపేట అమ్మాయి. చదువు అవగానే మా దగ్గర చేరింది. నన్ను సార్ అనేది. నిజానికి నాకన్నా జాగ్రత్త గల మనిషి.

ఊరి బయట ఉన్న ఒక జూట్ మిల్లు నుంచి మాకు పని వచ్చింది. అక్కడ గోగునారను మెత్తబరిచే యంత్రం ఉంటుంది. తిరిగే ఇనప రోలర్ల మధ్యకు నారను చేత్తో అందించాలి. ఆడవాళ్లే అందిస్తారు. చెయ్యి రోలర్లకు మరీ దగ్గరగా పోతే యంత్రం ఆగిపోవాలి. అందుకని రోలర్ల ముందు ఒక చట్రం బిగించి, ఈ వైపు నుంచి ఆ వైపుకు ఒక కాంతి కిరణం పంపించాం. చెయ్యి అడ్డొస్తే కిరణం తెగుతుంది, మా పెట్టె మోటారును ఆపేస్తుంది. చిక్కల్లా దుమ్ముతోనే. నార దుమ్ము ఆ కిరణాన్ని అందుకునే సెన్సారు అద్దం మీద పేరుకుని వెలుతురు తగ్గినప్పుడల్లా యంత్రం ఊరికే ఆగిపోతోందని మిల్లువాళ్లు గొడవ పెట్టారు. దాంతో ప్రోగ్రాము మార్చాను. వెలుతురు మెల్లగా తగ్గితే అది దుమ్మే అనుకుని సర్దుకుపోయేలా రాశాను. రాసి నాకు నేనే మురిసిపోయాను.

సత్యవతి దానికి పరీక్షలు రాసింది. పరీక్ష తప్పితే ఆ సంగతి చెప్పడానికి ఒక మాక్రో తయారుచేసుకుంది. మాక్రో అంటే ఒక పేరు. ఆ పేరు ఎక్కడ రాస్తే అక్కడికి, ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు దాని వెనక ఉన్న వరుసలన్నీ తెచ్చి పెట్టుకుంటుంది. పరీక్ష తప్పితే అది ఏ ఫైలులో, ఎన్నో వరుసలో తప్పిందో, ఏం రావాలో, ఏం వచ్చిందో ఆమె మాక్రో తెర మీద రాసేది. తప్పుల సంఖ్యకు ఒకటి కలిపేది. చివరికి ఆ సంఖ్య సున్నా అయితేనే ప్రోగ్రాము పెట్టెలోకి ఎక్కాలి. "తప్పుందంటే సరిపోదు సార్, ఎక్కడుందో వేలెట్టి సూపించాల" అనేది.

మిల్లు మేనేజరు పరీక్షల ఫలితం చూడడానికి వస్తానన్న రోజున సత్యవతి లేదు. ఇంట్లోవాళ్లతో శ్రీకూర్మం వెళ్లింది. పొద్దున్నే నేను పరీక్షలు నడిపాను. ఒకటి తప్పింది. బాగా దుమ్ము పట్టిన అద్దం ముందుకు చెయ్యి వస్తే ఏమవుతుందో చూసే పరీక్ష. రావాల్సింది: ఆగాలి. వచ్చింది: నడుస్తోంది. మళ్లీ నడిపాను. అదే వరుస, అదే మాట.

దుమ్ముకు సర్దుకుపోయిన పెట్టె చేతిని కూడా దుమ్ముగానే లెక్కేస్తోంది. నా మార్పు వల్లే అని చూడగానే తెలిసింది. తెలిసిందని ఈరోజు రాస్తున్నాను. ఆరోజు మాత్రం, అంత దుమ్ము ఎక్కడుంటుంది, ఈ పిల్ల మరీ అతిగా రాసింది, అనుకున్నాను. మిల్లుకు నేను రెండుసార్లు వెళ్లాను గానీ ఆఫీసు గదిలో టీ తాగి వచ్చేశాను. యంత్రం పక్కన పావుగంట నిలబడలేదు. ఆ ఒక్క పరీక్షనూ తీసేద్దామంటే పరీక్షల జాబితా మేనేజరు దగ్గర ముందే ఉంది. అందుకని మాక్రో ఉన్న ఫైలు తెరిచాను. ఆ పేరు వెనక ఉన్న వరుసలన్నీ చెరిపేసి ఖాళీ బ్రాకెట్లు పెట్టాను. ఇక ఏ పరీక్ష తప్పినా అది ఏమీ రాయదు, ఏమీ కలపదు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తప్పులు సున్నా అని వచ్చింది. కాగితం మీద అచ్చు తీసి సంతకం పెట్టాను.

మేనేజరు వెళ్లాక సరిచేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మేనేజరు సంతోషంగా వెళ్లాడు. మా యజమాని భుజం తట్టాడు. మర్నాడు ఇంకో పని నెత్తిన పడింది. ఎప్పుడు మర్చిపోయాను? అసలు మర్చిపోయానా, లేక తెరిస్తే ఏం కనబడుతుందో తెలిసే తెరవలేదా?

ఆ ఫైలును ఒకసారి రాసి పెట్టాక ఎవరూ తెరిచేవారు కాదు. సత్యవతి తిరిగొచ్చి కొత్త పరీక్షలు రాస్తూనే ఉంది. అన్నీ నెగ్గేవి. "ఈమధ్య ఒక్కటీ ఫెయిలవట్లేదేటి సార్, నాకు అనుమానంగా ఉన్నాది" అంది ఒకరోజు. "నువ్వు గట్టిగా చూస్తావని భయపడి నేను జాగ్రత్తగా రాస్తున్నాను" అన్నాను. సిగ్గుపడి నవ్వింది.

మూడు నెలలకు మిల్లులో పైడమ్మ అనే ఆమె కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. నారతో పాటే పోయింది. పక్కన పనిచేసే ఆమె పరిగెత్తి మెయిన్ స్విచ్ కట్టేసేదాకా యంత్రం ఆగలేదు. ఆసుపత్రిలో చెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

విచారణ జరిగింది. పని తొందరగా సాగాలని పైడమ్మే సెన్సారు చట్రాన్ని పైకి జరిపేసిందని, అందుకే చెయ్యి కిరణం కింద నుంచి పోయిందని సూపర్‌వైజరు చెప్పాడు. మా పెట్టె సంగతి చెప్పమని యజమాని నన్ను పంపాడు. సంతకం పెట్టిన కాగితం పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను. తప్పులు సున్నా. నేను ఒక్క అబద్ధమూ నోటితో అనలేదు. కాగితమే అంది. పెట్టె బాగుంది కాబట్టి తప్పు మనిషిదేనని తేల్చారు. పైడమ్మను పనిలోంచి తీసేశారు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వచ్చి, మాక్రోను పాత రూపానికి తెచ్చి పరీక్షలు నడిపాను. దుమ్ము పరీక్ష ఒక్కటే కాదు, ఆ మూడు నెలల్లో సత్యవతి రాసినవాటిలో ఇంకో నాలుగు తప్పాయి. రావాల్సింది, వచ్చింది, వరుస నంబరు. ఆ పిల్ల ప్రతిసారీ వేలుపెట్టి చూపిస్తూనే ఉంది. నేను ఆ వేలు కనబడకుండా చేశాను.

తర్వాత ఏం చేశాను? ప్రోగ్రాము సరిచేశాను. మెరుగుపరిచిన వెర్షను అని చెప్పి మిల్లులో పెట్టెలన్నిటికీ ఎక్కించాను. ఇక ఎవరికీ చెయ్యి పోదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చాలాకాలం ఆ మాట పట్టుకునే నిద్రపోయాను.

సత్యవతికి అలాంటి మాట ఏదీ దొరకలేదు. "దుమ్ము టెస్టు రాసాను సార్. పాసయింది. మరి చెయ్యెలా పోనాది? నేనే ఏదో తప్పు రాసుంటాను" అని పదేపదే అనేది. చట్రం జరిపిందన్నారు కదమ్మా అన్నాను. ఆమె ఆ మాట నమ్మలేదు. అలాగని నన్నూ అనుమానించలేదు. తన మీదే నమ్మకం పోగొట్టుకుంది. ఆర్నెల్లు తిరగకుండా ఉద్యోగం మానేసి, నరసన్నపేట వెళ్లి ఒక బడిలో లెక్కలు చెప్పుకుంటోంది.

పోయిన నెల మా చర్చికి వచ్చే ఒకామె, ఒకప్పుడు ఆ మిల్లులోనే పనిచేసిన మనిషి, మాటల్లో పైడమ్మ పేరెత్తింది. పాతపట్నంలో కూతురి దగ్గర ఉంటోందట. "పాపం, మొగుడు పోయినదాకా తిడతానే ఉన్నాడు, నీ సెయ్యి నువ్వే పోగొట్టుకున్నావని" అంది. నేను పైడమ్మకు ఒక చెయ్యే పోయిందనుకుంటూ వచ్చాను. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

వారం రోజులు ఆగి బస్సెక్కాను.

పైడమ్మ గడప మీద కూర్చుని ఎడంచేత్తో చింతపండులో గింజలు తీస్తోంది. ఎవరని అడిగింది. మిల్లులో యంత్రాన్ని ఆపాల్సిన పెట్టె ఉండేదే, దాన్ని తయారుచేసినవాణ్ణని చెప్పాను. మాక్రో అన్న మాట వాడలేదు. "ఆ పెట్టె సరిగా ఆపదని పరీక్షలో ముందే తేలిందమ్మా. ఆ సంగతి ఎవరికీ కనబడకుండా నేనే దాచేశాను. మీరు చట్రం జరపలేదు. విచారణ రోజే నాకు తెలుసు."

ఆమె చెయ్యి ఆగింది.

"నాను దాన్ని ముట్నేదు" అంది. "ముట్నేదని ఎంతమందికి సెప్పినాను బాబూ. ఒక్కలు ఇన్నేదు. ఆకరికి నాకే అనుమానం వచ్చీసింది, నానే జరిపీసి మర్సిపోనానేటోనని."

"తప్పు మీది కాదమ్మా. నాది."

"ఆయనున్నప్పుడు రావాల్సింది నువ్వు."

ఆమె లోపలికి తిరిగి కూతుర్ని కేకేసింది. పక్కింటి వాళ్లను కూడా పిలిచింది. "మళ్లీ సెప్పు. గట్టిగా సెప్పు" అంది. నలుగురి ముందూ నిలబడి మళ్లీ చెప్పాను. గొంతు తగ్గిస్తే "ఇనపడ్నేదు" అంది. మొదటినుంచి చెప్పించింది. అయ్యాక కూతురిచేత కాగితం, పెన్ను తెప్పించింది. "రాసియ్యి." రాశాను. మిల్లు, పెట్టె, నేను దాచింది, విచారణలో చూపించింది, అన్నీ రాసి నా పేరు, ఊరు రాసి సంతకం పెట్టాను. కూతురు దాన్ని పైకి చదివింది. పైడమ్మ కళ్లు మూసుకుని వింది.

క్షమించమని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"సెప్పడానికొచ్చినావు. సెప్పినావు. ఇంక ఎల్లు" అంది.

తిరుగు బస్సు నరసన్నపేటలో ఆగితే దిగిపోయాను. బడి వదిలే వేళకు గేటు దగ్గర సత్యవతి కనబడింది, చేతిలో పిల్లల నోటుపుస్తకాల కట్ట. ముప్పై ఏళ్లైనా నిండకుండానే జుట్టు అక్కడక్కడ నెరిసింది. బాగున్నారా సార్ అని నవ్వబోయింది. నవ్వనివ్వకుండా చెప్పేశాను. ఆమెకు మాక్రో అనే చెప్పాను, ఖాళీ బ్రాకెట్లు అనే చెప్పాను. పుస్తకాల కట్టను గుండెలకు హత్తుకుని వింది.

"అయితే నా టెస్టు పట్టుకుంది" అంది.

"పట్టుకుందమ్మా. రెండుసార్లు నడిపాను. రెండుసార్లూ పట్టుకుంది."

తిట్టలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, నా వైపు చూడకుండా రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఈసారి క్షమించమని అడగలేదు.

నేను రాసిచ్చిన కాగితం ఎక్కడికి వెళుతుందో, దాంతో నా ఉద్యోగం, నా ఇల్లు ఏమవుతాయో తెలియదు. నా భార్యకు నిన్న చెప్పాను. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. పైడమ్మకు చెయ్యి తిరిగి రాలేదు. నన్ను ఎవరూ క్షమించలేదు, క్షమిస్తారని ఆశ కూడా లేదు. అయినా ఇది రాస్తుంటే, చాలా ఏళ్ల తర్వాత, ఊపిరి చివరిదాకా అందుతోంది. అంతవరకే చెప్పగలను.