కంప్యూటర్‌కెక్కని ఎర్రగీత

మొన్న మా చెల్లెలి కూతురు, కొత్తగా వకీలు కోటు తొడిగిన పిల్ల, మా ఇంట్లో చాయ్ తాగుతూనే ఫోనులో ఏదో అడిగి, భూముల కేసులకు పనికొచ్చే తీర్పులు పది వెతికి, వాటిలో ఏది ఇంకా నిలబడి ఉందో, ఏది పై కోర్టులో కొట్టుడుపోయిందో చాయ్ చల్లారేలోపు చెప్పేసింది. అదే పనికి నేనొకప్పుడు ఎంత మూల్యం చెల్లించానో, నావల్ల ఇంకొకరెంత చెల్లించారో ఆ పిల్లకు చెప్పలేదు. నా ఈడువాళ్లు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను పుట్టింది పాలమూరులో. ఎనభైల చివర నల్లగొండలో ప్రభుత్వ ప్లీడరు ఆఫీసులో టైపిస్టునయ్యాను. కిరాయి గది, ఒక స్టవ్వు, ఒక చాప. ఆ ఊళ్లో నాకు చుట్టమూ లేదు, పక్కమూ లేదు. మాట్లాడే మనిషి ఆఫీసులో పాత గుమాస్తా ఒక్కరే, అందరూ చాచా అనేవారు. నెలనెలా వచ్చే తీర్పుల పుస్తకాలు చదివి, ఒక్కో తీర్పుకూ ఒక్కో కార్డు రాసి చెక్కపెట్టెలో వరసగా పెట్టడం ఆయన పని. ఏ తీర్పునైనా పై కోర్టు కొట్టేస్తే, ఆ కార్డు వెతికి పట్టుకుని అడ్డంగా ఎర్రసిరా గీత కొట్టి 'చెల్లదు' అని రాసేవారు. రాస్తూ ఆ కేసు పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు వినిపించేవారు. ఈయన నోరెప్పుడు మూతపడుతుందా అని లోలోపల విసుక్కునేదాన్ని కూడా.

తొంభైల్లో కంప్యూటర్ వచ్చింది, అది వచ్చిన నెలలోనే చాచా రిటైరై నకిరేకల్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. దుమ్ము పడితే మిషను పాడవుతుందని ఆఫీసువాళ్లు నాకు తలుపులు మూసిన గది ఇచ్చి, చెప్పులు బయట విడవమని, ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని చెప్పారు. ఒక్క కార్డూ వదలకుండా అన్నీ ఎక్కించాలని ఉత్తర్వు. ఏడాది పాటు ఒక్కదాన్నే కూర్చుని ఎక్కించాను. పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేదాకా నా గొంతు నాకే వినిపించని రోజులుండేవి. పేర్లకు, సంవత్సరానికి, పుటకు, విషయానికి గడులున్నాయి గాని ఎర్రగీతకు గడి లేదు, తెర మీద అన్నీ ఒకే రంగు అక్షరాలు. మిషను పెట్టి వెళ్లిన హైదరాబాదు ఇంజనీరును ఇంకో గడి అడగాల్సింది. కాని అప్పటికి నా కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి, చెల్లనివేవో నాకు గుర్తుండవా అనుకున్నాను.

పానగల్ దారిలో ఒక నేత పెద్దాయన ఉండేవాడు. ఆయన మగ్గమున్న జాగా సర్కారుదని, ఖాళీ చేయమని నోటీసు వస్తే స్టే కోసం కోర్టుకొచ్చాడు. గుంత మగ్గం ఎత్తుకుపోయే వస్తువు కాదు. కాళ్లు పెట్టి తొక్కే గుంత నేలలోనే ఉంటుంది, జాగా పోతే బతుకే పోయినట్టు. వాయిదానాడు, కోర్టు ఆవరణలోనే ఉన్న మా ఆఫీసుకొచ్చి, నా గది తలుపు సందులోంచి చూసి అడిగాడు.

"బిడ్డా, గా డబ్బ సర్కారు దిక్కు జెప్తదా, మా దిక్కు జెప్తదా?"

"అది ఎవరి దిక్కు గాదు పెద్దయ్యా, ఉన్నది ఉన్నట్టు జెప్తది" అన్నాను. ఆయన నమ్మి, తల ఊపి వెళ్లాడు.

ప్లీడరు సారు అడిగిన తీర్పులు వెతికి ప్రింటు తీసిచ్చాను. అందులో మొదటిదాన్నే ఆయన కోర్టులో చదివారు, జడ్జిగారు పెద్దాయన పిటిషన్ కొట్టేశారు. వారం తర్వాత పాత కార్డులు కట్టలు కట్టి అటకెక్కిస్తుంటే ఆ తీర్పు కార్డు చేతికొచ్చింది. అడ్డంగా ఎర్రగీత, కింద చాచా చేతిరాతలో 'చెల్లదు'. కార్డు నా సంచిలో వేసుకున్నాను.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం ఊడుతుందని భయమే, కాదనను. చాచాకు ఉత్తరం రాశాను, చింపేశాను. అయిదోనాడు సారు బల్ల మీద కార్డు పెట్టి ఏడ్చేశాను. ఆయన తిట్టలేదు. "గిప్పటికన్న చెప్పినవు" అని, తెల్లారి తానే జడ్జిగారి ముందు లేచి, తాను చూపిన తీర్పు చెల్లదని ఒప్పుకున్నారు. సర్కారు వకీలు అలా లేవడం నేనెరిగినంతలో అదొక్కసారే. కోర్టు స్టే ఇచ్చింది.

ఆ స్టే ఉత్తర్వు నకలు పట్టుకుని నేనే పానగల్ దారిన వెళ్లాను. గుంత లేదు, పచ్చిమన్ను చదునుగా ఉంది. నేను కార్డు దాచుకున్న మూడో రోజునే రెవెన్యూ వాళ్లొచ్చి పూడ్చారట.

"మగ్గం కట్టెలమ్ముకొని, మిల్లుల పనికని బొంబాయి దిక్కు బీవండి బస్సెక్కిండమ్మా" అంది పక్కింటావిడ. "మల్ల వస్తడో రాడో." ఆయన మళ్లీ రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది. ఇప్పుడు చెల్లనిదాన్ని చెల్లదని మిషనే చెబుతుందట, మంచిదే, ఎవరి కొంపా మునగదు. ఆ పిల్ల ఫోను చూసి సంతోషించాను కూడా. కాని ఆ మూడో రోజు మాత్రం నన్ను వదలదు. అక్కడ వాళ్లు గుంతలో మన్ను పోస్తున్నప్పుడు ఇక్కడ నేను తలుపులు మూసిన గదిలో, కార్డు సంచిలో పెట్టుకుని, ఎవరైనా వచ్చి ఏమైందని అడిగితే అప్పుడే చెప్పేద్దామని కూర్చుని ఉన్నాను. సాయంత్రందాకా ఎవరూ రాలేదు.