వీల్‌హౌస్ కప్పు మీద

దెయ్యాల కథలు చదవడం నాకిష్టం. నమ్మడం వేరు. గుడివాడ హాస్టల్లో చదువుకునే రోజుల్లో కరెంటు పోతే గదిలో పిల్లలంతా నా మంచం మీదకి చేరేవాళ్ళు, భయపడనిదాన్ని నేనొక్కదాన్నే అని. నాకు భయమల్లా నలుగురిలో నోరు తెరవాలంటేనే. అందుకే డైరీ రాసుకుంటాను. ఇదీ మొదట డైరీలో రాసుకున్నదే. నాన్న ఒప్పుకున్నాకే బయట పెడుతున్నాను.

మాది బందరు దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం. నాన్న సరంగు, అంటే బోటు నడిపే మనిషి. బోటు మీద ఒక చిన్న చెక్క గది ఉంటుంది. చుక్కాని తిప్పే చక్రం అందులోనే. ఇప్పుడు అందరూ దాన్ని కేబిన్ అంటారు. మా తాత మాత్రం పాత అలవాటు కొద్దీ వీల్‌హౌస్ అనే అనేవాడు. హైస్కూల్లో ఉండగా నిఘంటువు తీసి చూశాను. ఓడను నడిపే చక్రం ఉండే గది అని ఉంది. పెద్ద ఓడల్లో సముద్ర పటాలు పరుచుకోవడానికి వేరే గది కూడా ఉంటుందట. తాతకి చెబితే నవ్వాడు.

"పటాలా? మన మొగలో ఇసక ఏడాదికోచోట పడుకుంటది. దానికి పటం ఎవడు గీస్తాడే పిచ్చిదానా!"

మొగ అంటే మా కాలవ సముద్రంలో కలిసే చోటు. అక్కడి ఇసుక మేటలు ప్రతి వరదకీ కదులుతాయి. వాటిని తప్పించుకుని లోపలికి రావడమే సరంగు పనితనం.

తాత వీల్‌హౌస్ అనే మాటను ఇళ్ళకీ వాడేవాడు. ఎవరిదైనా పెళ్ళి సంబంధం మాటకొస్తే "ఆ ఇంట్లో వీల్‌హౌస్ ఎవరిది?" అని అడిగేవాడు. ఇంటి బరువు ఎవరి చేతిలో ఉందని. నిఘంటువులో ఆ అర్థం లేదు. పక్కన పెన్సిల్‌తో నేనే రాసుకున్నాను.

చేతుల్లో పట్టు తగ్గాక తాత చక్రం నాన్నకి అప్పగించాడు కానీ ఇంట్లో కూర్చోలేదు. వెదురుకర్ర పట్టుకుని వీల్‌హౌస్ కప్పు మీదకెక్కి కూర్చునేవాడు. అక్కడినుంచి చూస్తే నీటి రంగు తేడాని బట్టి మేట ఎక్కడుందో తెలుస్తుంది. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి కర్రతో కప్పు మీద కొట్టేవాడు. ఒక దెబ్బ అంటే ఎడమకి. రెండంటే కుడికి. కర్ర గీరితే నెమ్మది. మొగ దాటి కాలవలోకి వచ్చేశాక డప్పు వాయించినట్టు గబగబా కొట్టేవాడు. అది టీ కోసం. లోపలినుంచి నాన్న "ఆగు నాన్నా, ఇస్తన్నాం!" అని అరిచేవాడు.

తాత పోయినప్పుడు ఆ కర్రను కూడా చితి మీద పెట్టారు. ఆ తర్వాత నాన్న కప్పు మీదకి ఎవర్నీ ఎక్కనివ్వలేదు. జీపీఎస్ కొన్నాడు. మొగలోకి వచ్చేటప్పుడు దాని తెర మీదనుంచి చూపు తిప్పేవాడు కాదు. "మా అన్నకి నాన్న పోయి డబ్బా వచ్చింది" అని బాబాయ్ ఏడిపించేవాడు.

కిందటి చలికాలం బోటును ఒడ్డుకి లాగి చెక్కలు మార్పించారు. వీల్‌హౌస్‌కి రంగు వేసేటప్పుడు బాబాయ్ జీపీఎస్, దిక్సూచి రెండూ విప్పి ఇంట్లో బీరువా మీద పెట్టాడు. బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగిన రోజు మా ఇంటి ఆడవాళ్ళం కూడా ఎక్కి, మొగ దాటి, గంగమ్మకి పసుపు కుంకుమ ఇచ్చి రావడం మా ఆనవాయితీ. ఏడాదిలో మేం బోటెక్కేది ఆ ఒక్కసారే.

ఎక్కేముందు నాన్న జీపీఎస్ ఏదని అడిగాడు.

"వీధి చివరికెళ్ళి రావడానికి డబ్బా ఎందుకన్నయ్యా? చూసినోళ్ళు నవ్వుతారు" అన్నాడు బాబాయ్. నాన్న కూడా నవ్వి ఊరుకున్నాడు.

వెళ్ళేటప్పుడు తెల్లారి వెలుతురు బాగానే ఉంది. పూజ అయ్యి బోటు వెనక్కి తిప్పేసరికి మంచు కమ్మేసింది. గది తలుపు దగ్గర కూర్చున్న అమ్మ తప్ప ఇంకేమీ కనపడలేదు. మంచు విడిచేదాకా ఆగుదామంటే పోటు తీస్తోంది, ఆలస్యమైతే మొగలో నీళ్ళు చాలవు. పైగా అలలు మమ్మల్ని మేట వైపు నెడుతున్నాయి. బోటు ఇసుకకి తగిలి అలకి అడ్డంగా తిరిగితే పల్టీ కొడుతుంది. పిన్ని ఒళ్ళో పాలు తాగే పిల్ల. సముద్రం పక్కనే పుట్టినా మా ఆడవాళ్ళెవరికీ ఈత రాదు.

నేను వీల్‌హౌస్‌లో నాన్న వెనక, మడత పెట్టిన వల మీద కూర్చున్నాను. బాబాయ్ ముందు భాగాన గెడ దింపి లోతు చూస్తున్నాడు. ఏదో అరుస్తున్నాడు, మాకు వినపడటం లేదు. నాన్న జీపీఎస్ ఉండాల్సిన ఖాళీ చోటు వైపు చూశాడు.

"అమ్మలూ, నాకేం కనపడతల్లేదే" అన్నాడు మెల్లగా.

అప్పుడు కప్పు మీద ఒక దెబ్బ పడింది.

నాన్న తల ఎత్తలేదు. చక్రం ఎడమకి తిప్పాడు. కాసేపటికి రెండు దెబ్బలు. కుడికి తిప్పాడు. మళ్ళీ ఒకటి. ఆ తర్వాత చెక్క మీద పొడుగ్గా గీరిన చప్పుడు. ఇంజను తగ్గించాడు. బాబాయ్ పైకెక్కాడని నేననుకున్నాను. నాన్నా అలాగే అనుకున్నాడట. అలల మోత మా కుడి పక్కకి వచ్చింది, నెమ్మదిగా వెనక్కి పోయింది. బురద వాసన తగిలింది. మంచులోంచి మడచెట్లు ఒక్కొక్కటే నల్లగా బయటపడ్డాయి. కాలవలోకి వచ్చేశాం.

అప్పుడు కప్పు మీద గబగబా డప్పులాంటి దరువు.

"ఆగు నాన్నా, ఇస్తన్నాం!" అని అరిచాడు నాన్న.

అరిచాక ఆయన చెయ్యి చక్రం మీద అలాగే ఆగిపోయింది. నా వైపు తిరిగాడు.

బాబాయ్ గెడ భుజాన వేసుకుని తడిసిన బట్టలతో ముందునుంచి వచ్చాడు. "భలే తెచ్చావన్నయ్యా! అటూ ఇటూ గెడ వేస్తే ఇసకే తగిలింది. డబ్బా లేకపోతేనే నయం నీకు!"

"నువ్వు పైన లేవా?"

"పైనా? నిన్న సందేళ రంగేశా. ఇంకా అంటుకుంటా ఉంది. ఎక్కితే చెప్పులు ఊడిరావు."

రేవులో దిగగానే నాన్న నిచ్చెన వేసుకుని కప్పు చూశాడు. నేనూ ఎక్కి చూశాను. నీలం రంగు మీద మంచు చుక్కలు తప్ప ఏమీ లేవు. పాదం గుర్తు లేదు, కర్ర గుర్తు లేదు. ఒక మూల వేలితో నొక్కాను. నా వేలిముద్ర పడింది.

వల లాగే కప్పీ తాడు ఊగి కొట్టుకుందేమో అనుకున్నాం. అది బిగించి కట్టే ఉంది, గాలి కూడా లేదు. భయంలో నాన్న చెవికి తాత అలవాటే వినపడిందనుకుందామంటే, మరి నాకెందుకు వినపడింది? గదికి ఆనుకుని కూర్చున్న అమ్మ ఏదో చప్పుడు విన్నాను గానీ ఇంజనేమో అనుకున్నానంది. ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు. ఎవరు కొట్టారో నాకిప్పటికీ తెలియదు. దెయ్యాలున్నాయని ఇప్పుడూ అనలేను.

జీపీఎస్ మళ్ళీ బిగించారు. వాడుతున్నారు కూడా. కానీ వేట ముగించుకుని మొగ దాటి వచ్చిన ప్రతిసారీ నాన్న ఫ్లాస్కులోంచి ఒక గ్లాసు టీ పోసి కప్పు మీద పెడతాడు. బాబాయ్ ఒక్కసారి కూడా ఏడిపించలేదు. రేవుకి చేరేసరికి గ్లాసు ఖాళీగా ఉంటుందట. బోటు ఊపుకి ఒలికిపోతుందని నాకు తెలుసు.

పిన్ని కూతురికి నడక వచ్చింది. ఇది రాస్తుంటే వచ్చి నా పెన్ను లాక్కుని ఇల్లంతా పరిగెడుతోంది. రంగు ఎప్పుడో ఆరిపోయింది. ఆ కప్పు మీద ఉన్న గుర్తులు రెండే: నా వేలిముద్ర, టీ గ్లాసు అడుగు మరక.